గోల్‌ ముందు ఒకే ఒక్కడు

అయిదుగురు వరసగా వచ్చారు. థియోరెన్‌ ఫ్లూరీ, రే బుర్క్‌, జో న్యూవెండిక్‌, ఎరిక్‌ లిండ్రోస్‌, బ్రెండన్‌ షనహాన్‌. ఐస్‌ హాకీకి పుట్టినిల్లు అనిపించుకున్న కెనడాలో ఒక్కొక్కరిదీ ఒక్కో పెద్ద పేరు. ఎదురుగా గోల్‌ ముందు నిలబడింది డొమినిక్‌ హషెక్‌. అయిదుగురిలో ఏ ఒక్కరూ పక్‌ను వలలోకి పంపలేకపోయారు!

1998 ఫిబ్రవరి 20. జపాన్‌లోని నగానోలో వింటర్‌ ఒలింపిక్స్‌ సెమీఫైనల్‌. అమెరికా, కెనడాల్లో జరిగే ప్రొఫెషనల్‌ లీగ్‌ ఎన్‌హెచ్‌ఎల్‌ మొట్టమొదటిసారి తన సీజన్‌ను ఆపి మరీ ఆటగాళ్లను ఒలింపిక్స్‌కు పంపింది. స్వర్ణం కెనడాదా, అమెరికాదా అన్నదే అందరి లెక్క. కోటి జనాభా ఉన్న చెక్‌ రిపబ్లిక్‌ను పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ జట్టులో దాదాపు సగం మంది స్వదేశీ లీగ్‌లో ఆడుకునేవాళ్లే మరి.

క్వార్టర్స్‌లో అమెరికాను 4-1తో ఇంటికి పంపారు చెక్‌లు. కెనడాతో సెమీస్‌లో 1-0 ఆధిక్యంలో ఉండగా, ఆట ముగియడానికి నిమిషం ముందు స్కోరు సమమైంది. అదనపు సమయంలోనూ తేలలేదు. ఇక షూటౌట్‌. ఫుట్‌బాల్లోలా బంతిని ఒకచోట పెట్టి తన్నడం కాదిక్కడ... ఆటగాడు రింక్‌ మధ్య నుంచి పక్‌ను తోసుకుంటూ స్కేట్ల మీద దూసుకొస్తాడు. చెక్‌ల తరఫున తొలి ప్రయత్నంలోనే రాబర్ట్‌ రైకెల్‌ గోల్‌ కొట్టాడు. అదొక్కటే గోల్‌. కెనడా కోచ్‌ ఆ అయిదుగురిలో వేన్‌ గ్రెట్జ్‌కీకి చోటివ్వలేదు. ఆటలో అందరికన్నా గొప్పవాడు అనిపించుకున్న మనిషి బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు!

హషెక్‌ది పద్ధతైన గోల్‌కీపింగ్‌ ఏమీ కాదు. మంచు మీద పడతాడు, పొర్లుతాడు, చేతిలో స్టిక్‌ను వదిలేసి పక్‌ను అరచేత్తో పట్టేసుకుంటాడు. కోచింగ్‌ పుస్తకాల్లో దొరికే విద్య కాదది. అయితేనేం, పక్‌ మాత్రం లోపలికి పోదు.

ఫైనల్లో ఎదురైంది రష్యా. చెక్‌లకు ఆ పేరు వింటే గుర్తొచ్చేది హాకీ ఒక్కటే కాదు. 1968 ఆగస్టులో సోవియట్‌ నాయకత్వంలోని సేనలు ట్యాంకులతో చెకొస్లొవేకియాలో దిగాయి. మరుసటి ఏడాది మార్చిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో చెకొస్లొవేకియా జట్టు సోవియట్‌ యూనియన్‌ను రెండుసార్లు ఓడించింది. ట్యాంకులను ఆపలేని జనం ఆ రాత్రి ప్రాగ్‌ వీధుల్లోకి వచ్చారు. సోవియట్‌ విమాన సంస్థ ఏరోఫ్లోట్‌ కార్యాలయాన్ని ధ్వంసం చేశారు. అంతచేసీ ఆ టోర్నీలో దక్కింది కాంస్యమే. ఒలింపిక్‌ స్వర్ణమైతే అప్పటిదాకా ఎప్పుడూ లేదు. నగానో జట్టులోని స్టార్‌ యరోమిర్‌ యాగర్‌ జెర్సీ మీది అంకె 68. ఆ ఏడాదిని మర్చిపోకూడదనే ఆ నంబరు!

ఫిబ్రవరి 22, ఆదివారం. నగానోలో మధ్యాహ్నమైతే ప్రాగ్‌లో ఇంకా తెల్లవారుజాము. అంత చలిలోనూ ఓల్డ్‌ టౌన్‌ స్క్వేర్‌లో పెద్ద తెరల ముందు జనం కిక్కిరిశారు. రష్యా కెప్టెన్‌ పావెల్‌ బూరే సెమీస్‌లో ఒక్కడే అయిదు గోల్స్‌ కొట్టి వచ్చాడు. హషెక్‌ ముందు అతని ఆటలు సాగలేదు. రెండు పీరియడ్లు గడిచినా 0-0. మూడో పీరియడ్‌లో దూరం నుంచి ఒక షాట్‌... నేరుగా వలలోకి! కొట్టింది పీటర్‌ స్వోబోడా. అతను డిఫెండర్‌. టోర్నీ మొత్తంలో అతని గోల్‌ అదొక్కటే. 1984లో, కమ్యూనిస్టు పాలన నాటి సొంత దేశాన్ని వదిలి పశ్చిమ దేశాలకు పారిపోయిన కుర్రాడతను. చెక్‌ భాషలో ‘స్వోబోడా’ అంటే స్వేచ్ఛ.

మిగిలిన సమయమంతా హషెక్‌దే. గంట మోగింది, 1-0. ఆరు మ్యాచ్‌ల్లో అతను వదిలిన గోల్స్‌ ఆరే.

ఇక ప్రాగ్‌లో సంబరాలు అన్నీ ఇన్నీ కావు. ‘హషెక్‌ను కోటకు పంపండి’ అంటూ వీధుల్లో ఒకటే నినాదాలు. ప్రాగ్‌ కోట అంటే దేశాధ్యక్షుడి నివాసం! అప్పటికి అందులో ఉన్నది సాక్షాత్తూ వాక్లావ్‌ హావెల్‌. హషెక్‌ కోటకు వెళ్లలేదు గానీ ఆకాశానికెక్కాడు... ఒక గ్రహశకలానికి అతని పేరే పెట్టారు. 2004లో ప్రాగ్‌లో ‘నగానో’ పేరుతో ఏకంగా ఒక ఒపేరానే ప్రదర్శించారు.