స్థైర్యం శిలాలక్షణం కాదు: పాదస్థితి చెప్పే పాఠం

స్థితప్రజ్ఞుడంటే కదలనివాడు, కంట తడి పెట్టనివాడు, సుఖదుఃఖాలు తాకినా రాతివలె ఉండేవాడు అనే అభిప్రాయం ఆస్తికలోకంలో బలంగా నాటుకొని ఉన్నది. పుత్రశోకంతో కుమిలిపోయే తల్లికి సమత్వం పేరిట మౌనాన్ని విధించేవారు, పరీక్ష తప్పిన బాలుని చలించరాదని గద్దించేవారు ఈ అభిప్రాయాన్నే శాస్త్రహృదయమని భావిస్తున్నారు. స్థైర్యానికీ జడత్వానికీ గల భేదాన్ని గ్రహింపకపోవడమే ఈ భ్రాంతికి మూలం. ఆ భేదం ప్రస్థానత్రయంలోనే కాదు, పిల్లలు ఆడుకొనే ఒక కొయ్యబొమ్మలోనూ స్పష్టంగా గోచరిస్తున్నది.

జపాన్ దేశంలో కెండామా అనే ఆటవస్తువు ప్రసిద్ధం. చేతిలో ఇమిడే కొయ్యపిడి, దానికి పెద్దవీ చిన్నవీ మూడు గిన్నెలు, కొనయందు ఒక మొన, దారంతో వ్రేలాడే రంధ్రం గల బంతి: ఇదే దాని స్వరూపం. బంతిని పైకి లాగి గిన్నెలో నిలపవలెను, లేదా మొనకు గుచ్చవలెను. 1919 ప్రాంతంలో హిరోషిమా సమీపాన గల హత్సుకాయిచి పట్టణంలో దీనికి నేటి రూపం ఏర్పడినది. ఆనాడు దానికి సూర్యచంద్రుల బంతి అనే అర్థం గల పేరు ఉండేది. బంతి సూర్యుడు, గిన్నె నెలవంక. 1975లో ఏర్పడిన జపాన్ కెండామా సంఘం దీని ఆటకు నియమాలను స్థిరపరచినది.

ఈ ఆటను కొత్తగా పట్టినవాడు సాధారణంగా మోకాళ్ళు బిగించి, కొయ్యవలె నిలబడి, చేతిని మాత్రమే విసురుతాడు. బంతి గిన్నె అంచును తాకి ఎగిరిపోతుంది. దోషం చేతిదనీ దృష్టిదనీ అతడు తలుస్తాడు. ఆట తెలిసినవారు మొదట దిద్దేది పాదాలను. రెండు పాదాల నడుమ భుజాల వెడల్పంత ఎడం ఉండవలెను. పిడి పట్టిన చేతివైపు పాదం కొంచెం ముందుకు రావలెను. మోకాళ్ళు సడలి ఉండవలెను. బంతిని పైకి లేపే శక్తి మోకాళ్ళు నిటారు కావడంలోనుండి పుడుతుంది. బంతి దిగివచ్చే క్షణంలో మోకాళ్ళు మళ్ళీ వంగి, గిన్నె కూడా బంతితోపాటు కొంత క్రిందికి దిగుతుంది. అందువలన రెండింటి నడుమ వేగభేదం తగ్గి, బంతి ఎగరక గిన్నెలో కుదురుకొంటుంది. బిగుసుకొన్న దేహం బంతిని తిరస్కరిస్తున్నది. సడలిన దేహం దానిని స్వీకరిస్తున్నది.

భారతీయ శాస్త్రాలకు ఈ రహస్యం అపరిచితం కాదు. భరతముని నాట్యశాస్త్రంలో పురుషులకు ఆరు స్థానకాలను చెప్పినాడు: వైష్ణవం, సమపాదం, వైశాఖం, మండలం, ఆలీఢం, ప్రత్యాలీఢం. పాదాల నడుమ దూరాన్ని తాళప్రమాణంతో నిర్దేశించినాడు. ఒక తాళమంటే 12 అంగుళాలు, అంటే వ్రేళ్ళ వెడల్పులు. సమపాదానికి ఒక తాళం, వైష్ణవానికి రెండున్నర, మండలానికి నాలుగు. వైష్ణవస్థానంలో ఒక పాదం సహజంగా ఉండగా, మరొకటి ఓరగా నిలిచి, పిక్క కొద్దిగా వంగి ఉంటుంది. సహజ సంభాషణకు ఉద్దేశించిన నిలుకడ ఇది. కెండామా ఆటగాని పాదాలు దీనికి దగ్గరి చుట్టాలే. అస్త్రప్రయోగానికి చెప్పిన ఆలీఢ ప్రత్యాలీఢాలు ఒకదానిలోనుండి మరొకదానిలోనికి మారడానికే ఏర్పడినవి. నిలుచుట అనే క్రియలోనే చలనానికి సంసిద్ధత ఉండవలెనని దీని తాత్పర్యం.

శాస్త్రం చదువనివారికీ ఇది అనుభవసిద్ధమే. నెల్లూరు తీరంలో తెప్పపై నిలిచే మత్స్యకారుడు మోకాళ్ళు బిగించితే మొదటి అలకే నీటిలో పడతాడు. తీరానికి సమాంతరంగా సాగే బకింగ్‌హామ్ కాలువలో గడవేసి పడవ నడిపేవాని స్థితీ అంతే. క్రింది కొయ్య కదిలినపుడు అతని మోకాలు వంగుతుంది, నడుము సర్దుకొంటుంది, శిరస్సు మాత్రం చెదరదు. పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగో పక్షులు ఒంటికాలిపై కదలక నిలుస్తున్నవి కదా అని ఎవరైనా అడుగవచ్చు. ఆ పక్షి కాలి నిర్మాణమే వేరు. కండరాల ప్రయత్నం లేకుండానే దేహభారం చేత దాని కీళ్ళు కుదురుకొంటాయని 2017లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. మానవునికి అట్టి వరం లేదు. కదలక నిలిచినట్లు కనబడే మనుష్యుడు కూడా అనుక్షణం సూక్ష్మంగా ఊగుతూ, చీలమండలతో సవరించుకొంటూనే ఉంటాడు. మానవస్థైర్యమంటే ఎడతెగని సవరణ.

ఇప్పుడు గీతను చూడవలెను. అర్జునుడు స్థితప్రజ్ఞుని గురించి అడిగినపుడు, అతడు ఎట్లు మాట్లాడును, ఎట్లు కూర్చుండును, ఎట్లు సంచరించును అని అడిగినాడు. స్థితుడైనవానికి సంచారం ఉన్నదని ఆ ప్రశ్నలోనే ఉన్నది. ఆ ప్రకరణం ముగియబోతుండగా భగవానుడు శాంతికి దృష్టాంతంగా పర్వతాన్ని ఎన్నుకొనలేదు, సముద్రాన్ని ఎన్నుకొన్నాడు. నదీజలాలు ఎన్ని వచ్చి చేరినా తన ప్రతిష్ఠను వీడనిది సముద్రం. మైపాడు ఇసుకపై నిలిచి చూచినవారికి ఆ సముద్రం ఒక్క క్షణమైనా ఊరకుండనిదని తెలుసు. పెన్నానది వరదను అది త్రోసివేయదు, లోనికి తీసుకొంటుంది. అయినను తన మేరను మీరదు. గీతోక్తమైన అచలత్వం స్వీకరించగల అచలత్వమే.

ఇచట ఒక పూర్వపక్షం ఉన్నది. అదే అధ్యాయం ఆత్మను స్థాణువనీ అచలమనీ చెప్పినది కదా, స్థాణువు కదలునా? నిజమే, ఆత్మ కదలదు. కాని ఆ లక్షణం ఆత్మది, అంతఃకరణది కాదు. ఆత్మధర్మమైన నిర్వికారత్వాన్ని మనస్సుపై ఆరోపించి, మనస్సును బండబారజేయబూనుట అధ్యాసకే మరొక రూపం. సాక్షి నిశ్చలుడు గనుకనే మనస్సు నిర్భయంగా కరుగవచ్చును. శిరస్సు నిలకడగా ఉండడానికి మోకాలు వంగుట ఎట్లో, ఇదియు అట్లే.

ఇది కేవలం వాదవిషయం కాదు. 2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరగ్రామాలనూ తాకినది. ఇట్టి ఆపదలలో ఆప్తులను కోల్పోయినవారికి కన్నీరు అజ్ఞానమని బోధించుట జ్ఞానదానం కాదు, బిగిసిన మోకాళ్ళతో నిలువుమని శాసించుట. అట్లు నిలిచినవారు తరువాతి అలకు కూలిపోతారు. శోకాన్ని రానిచ్చి, దానితోపాటు కొంత వంగి, మరల లేచుటకు వలసిన ఆధారాన్ని పాదాలక్రింద నిలుపుటయే శాస్త్రజ్ఞుల కర్తవ్యం. ఆ ఆధారం నిత్యకర్మ కావచ్చు, నామస్మరణ కావచ్చు, బంధువుల సాన్నిధ్యం కావచ్చు.

కనుక బాలురు బొంగరం త్రిప్పినా, గోడుబిళ్ళ ఆడినా, కెండామా పట్టినా, కాలహరణమని పెద్దలు త్రోసివేయరాదు. ఎట్లు నిలిచినారో ఒకసారి చూడవలెను, పాదాలను సరిచేయవలెను, మోకాళ్ళను సడలింపజేయవలెను. వేదపాఠశాలలలో స్వరాన్ని దిద్దినంత శ్రద్ధతో నిలుకడనూ దిద్దుట ఉచితం. పడిన బంతిని మరల ఎత్తే బాలుడు సమత్వానికి మొదటి పాఠాన్ని దేహంతోనే నేర్చుకొంటాడు. దేహం నేర్చిన ఆ పాఠం, అర్థం తెలిసే వయస్సు వచ్చినపుడు, గీతాధ్యయనానికి పునాది అవుతుంది.

ఇతి శమ్.