వంట పుస్తకంలో పట్టని సకినం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల సంక్రాంతి అప్పాలు – పరిశోధన దృష్టి

ఏటా జనవరి రెండో వారంలో తెలుగు పత్రికల అనుబంధాలు సంక్రాంతి వంటల పుటలను ప్రచురిస్తాయి. అరిసెలు, పొంగలి, బొబ్బట్లు, జంతికల తర్వాత, పుట అడుగున మిగిలిన చోట, సకినాలకు నాలుగు పంక్తులు దక్కుతాయి: ఇన్ని కప్పుల బియ్యప్పిండి, ఇన్ని నువ్వులు, చెంచాడు వాము, తగినంత ఉప్పు, నీళ్ళతో కలిపి చుట్లుగా తిప్పి నూనెలో వేయించాలి. ఈ నాలుగు పంక్తుల్లో అబద్ధం ఏదీ లేదు. అయినా వీటిని మాత్రమే నమ్ముకొని, దుకాణంలో కొన్న పొడి పిండితో కూర్చున్నవారికి సకినం రాదు. చుట్టు సగంలోనే తెగుతుంది. ఈ వైఫల్యానికి కారణం రాసినవారి అజాగ్రత్త అనుకోవడం సులభం. వంట పుస్తకమనే ప్రక్రియ రూపంలోనే ఆ కారణం ఉన్నదనీ, అదే లోపాన్ని తెలుగు సాహిత్య పరిశోధన కూడా ఇంతకాలంగా మోస్తున్నదనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

ముందు వస్తువును చూడాలి. వానాకాలపు పంట ఇంటికి చేరిన తర్వాత వచ్చే కొత్త బియ్యం సకినానికి మూలం. బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వార్చి, గుడ్డమీద ఆరబోసి, తడి పూర్తిగా ఆరకముందే దంచాలి. ఇప్పుడైతే గిర్నికి పట్టించాలి. జల్లించిన ఆ తడి పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి, వేళ్ళ మధ్య నుంచి తెగకుండా జారేటంత మెత్తగా కలుపుతారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పిండిని మెలిపెడుతూ, నేలమీద పరిచిన నూలుగుడ్డపై ఒక చుట్టు చుట్టూ మరొక చుట్టు వేస్తాయి. గుడ్డ కొంత తడిని పీల్చుకున్నాక, చుట్టు గట్టిపడి చేతికి లేస్తుంది. అప్పుడే నూనెలోకి పోతుంది. పిండిలో నీరెక్కువైతే చుట్టు పరుచుకుంటుంది, తక్కువైతే విరుగుతుంది. ఎంత నీరు పోయాలన్నది ఆ ఏటి బియ్యం, ఆ రోజు చలి, పిండి కలిపిన చెయ్యి తేల్చే సంగతి.

తడి పిండి నిలవ ఉండదు. మరునాటికి పులుస్తుంది. కాబట్టి నానబెట్టిన బియ్యమంతా ఒక్క పూటలో, మహా అయితే ఒక్క రోజులో, సకినాలై తీరాలి. ఒక ఇంటికి సరిపడే సకినాలను ఒక్క మనిషి ఒక్క రోజులో పోయడం కష్టం. వాడకట్టులోని ఆడవాళ్ళు ఈ రోజు ఒక ఇంట, రేపు మరొక ఇంట కూర్చుని బదులుకు బదులు పోసుకునే ఏర్పాటు ఇక్కడి నుంచే పుట్టింది. దానిని ‘సామూహిక సంస్కృతి’ అని పొగిడే రచనలు ఆ సామూహికతకు పిండి పులిసే గుణం కూడా ఒక కారణమని గుర్తించవు. వంట పుస్తకం ఊహించుకునే పాఠకురాలు ఒంటరి. ఆమె ముందు ఒక పొయ్యి, ఒక కప్పు, ఒక కుటుంబం ఉంటాయి. సకినానికి కావలసిన మొదటి దినుసు నలుగురు మనుషులు. కావలసిన పదార్థాల పట్టికలో వాళ్ళకు చోటు లేదు.

కొలతల సంగతి కూడా ఇలాంటిదే. సోలలు రెండు తవ్వ, తవ్వలు రెండు మానిక, మానికలు రెండు అడ్డ, అడ్డలు రెండు కుంచం. 1956 నాటి తూనికలు కొలతల చట్టం తర్వాత ఈ పాత్రలు అంగడి నుంచి తొలగినా, పిండివంటల లెక్కలో చాలాకాలం నిలిచాయి. ‘ఈసారి కుంచెడు పోసినం’ అనే వాక్యం వంట పరిమాణంతోపాటు ఇంటి స్థితిని, ఆ ఏటి పంటను, పంచవలసిన బంధువుల సంఖ్యను చెబుతుంది. ‘రెండు కప్పులు’ అనే మాట ఇవేవీ చెప్పదు. అనువాద శాస్త్రం చదివినవారు దీనిని సమానార్థకం దొరకని పదం అంటారు. వంట పుస్తకం మాత్రం దొరికిందనుకొని ముందుకు సాగిపోతుంది.

ఇంతమాత్రాన అచ్చైన వంట పుస్తకాలను తీసిపారేయడం అన్యాయం. మాలతీ చందూర్ ‘వంటలు–పిండివంటలు’ తరాల తరబడి పునర్ముద్రణలు పొందింది. తల్లికీ అత్తకూ దూరంగా నగరాల్లో కాపురం పెట్టిన స్త్రీలకు అటువంటి పుస్తకాలు చేసిన మేలు చిన్నది కాదు. చెప్పేవారు పక్కన లేనప్పుడు అచ్చు పుట చెప్పింది. ఇక్కడ అభ్యంతరం పుస్తకాలపై కాదు. నగరంలోని ఒంటరి వంటింటి కోసం పుట్టిన ఆ రూపాన్నే తెలుగువారి వంటకు ప్రమాణ గ్రంథంగా, పరిశోధనకు ఆధారంగా స్వీకరించడంపై.

ఆ స్వీకారం తెలుగు శాఖల్లో మరొక దారిలో జరిగింది. ఆహారంపై వ్యాసం అనగానే ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఋతువులను బట్టి అతిథులకు పెట్టిన విందు, శ్రీనాథుడు పల్నాటి జొన్నకూటిని తిట్టుకున్న చాటువులు, హంసవింశతిలోని పట్టికలు వరుసగా వస్తాయి. కావ్యాలను సాంఘిక చరిత్రకు సాక్ష్యంగా చదివే ఈ పద్ధతికి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో సురవరం ప్రతాపరెడ్డి గొప్ప బలం ఇచ్చాడు. ఆయన తర్వాత పద్ధతి మిగిలింది, ఆయన అసంతృప్తి మిగలలేదు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను 1934లో తెచ్చిన మనిషి ఆయన. లేదన్నచోట వెతకడం ఆయన పద్ధతిలో సగం. ఇప్పటి ఆహార వ్యాసాలు ఉన్నచోటే మళ్ళీ మళ్ళీ వెతుకుతున్నాయి. పద్యానికెక్కిన వంటకానికి చరిత్ర ఉన్నట్టూ, ఎక్కనిదానికి రుచి మాత్రమే ఉన్నట్టూ ఒక విభజన స్థిరపడింది.

జగిత్యాల జిల్లాలోనే ఉన్న కోటిలింగాలలో దొరికిన కుండపెంకులను చూసి శాతవాహనుల నాటి జీవితాన్ని ఊహించడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. కుండ రెండు వేల ఏళ్ళ కిందటిదైతే అది చరిత్ర. నిన్న పొయ్యిమీదున్నదైతే ఇంటి సంగతి. ఈ తేడాకు సిద్ధాంతపరమైన సమర్థన ఏదో ఉంటే దానిని ఎవరైనా రాయవలసి ఉంది.

భాష విషయానికి వస్తే, సకినం గురించి వచ్చే చర్చ సాధారణంగా వ్యుత్పత్తితో మొదలై వ్యుత్పత్తితోనే ముగుస్తుంది. చక్రం నుంచి ‘చకినం’, దాని నుంచి ‘సకినం’ వచ్చిందని కొందరు. సంస్కృత శష్కులికి, తెలుగు చక్కిలానికి ముడిపెట్టాలని మరికొందరు. చలి ‘సలి’గా, చుట్టు ‘సుట్టు’గా పలికే మాండలికంలో ‘చకినం’ ‘సకినం’ కావడంలో వింత లేదు. అసలు ఆలోచించవలసింది నామవాచకం గురించి కాదు, క్రియ గురించి. జంతికలను ఒత్తుతారు, మురుకులనూ ఒత్తుతారు. అందుకు గొట్టం ఉంది. సకినాలను ‘పోస్తారు’. పలుచని పిండితో అట్లు పోయడం అర్థమవుతుంది. చేతిలో మెలిదిరిగే ముద్దకు ‘పోయు’ ఎందుకు వచ్చింది? పురుడు పోయడం, ప్రాణం పోయడం, లాల పోయడం, బొమ్మ పోయడం ఉన్న ఈ క్రియ పరిధిలో సకినం ఎక్కడ నిలుస్తుంది? మూలపదం కోసం సంస్కృత నిఘంటువు తిరగేసే ఓపికలో పదోవంతు ఈ ప్రశ్నపై పెట్టినా అర్థవిజ్ఞానానికి ఒక మంచి అధ్యాయం దొరుకుతుంది. ‘అప్పాలు’ మాటా అంతే. కోస్తాలో అది ఒక తీపి వంటకం పేరు. ఇక్కడ పండుగ పిండివంటలన్నిటికీ కలిపి వాడే జాతివాచకం. ‘అప్పాలు చేసుడు’ అన్నప్పుడు సకినాలు, గరిజెలు, మురుకులు, అరిసెలు అన్నీ అందులోకి వస్తాయి. ఈ అర్థభేదాన్ని పట్టించుకోని వంట పుస్తకం చదువుతూ కోరుట్ల పాఠకురాలు ‘అప్పాలు’ శీర్షిక దగ్గర ఆగిపోతే తప్పు ఆమెది కాదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో, రెండోది చేనేత పదాలతో 1971లో వెలువడ్డాయి. తెలుగు భాషాశాస్త్రం గర్వించదగిన పని అది. నేతలో పడుగు, పేక, అచ్చు మొదలైన మాటలకు ఊరూరి రూపాలు సేకరించే దృష్టి ఆ సంపుటాలతో ఏర్పడింది. కానీ వృత్తి అనే మాటకు కులాన్నో కూలినో ఆధారం చేసుకున్నంతకాలం, మగ్గం ఉన్న ఇంట్లోనే పొయ్యి దగ్గర పలికే మాటలు ఆ దృష్టికి ఆనవు. నలిమెల భాస్కర్ ‘తెలంగాణ పదకోశం’ వంటి కృషి ఆ లోటును కొంత తీర్చే దిశలో ఉన్నది. అయితే పదం దొరకడం వేరు. పదం వెనుక ఉన్న చేతి పనిని వర్ణించడం వేరు.

2014లో రాష్ట్రం ఏర్పడిన తర్వాత మరొక ధోరణి బలపడింది. సకినం, సర్వపిండి తెలంగాణ చిహ్నాలయ్యాయి. ‘తెలంగాణ వంటలు’ అన్న పేరుతో పుస్తకాలు వచ్చాయి, ఆహార ఉత్సవాల్లో అంగళ్ళు వెలిశాయి. నిర్లక్ష్యానికి ఇది సహజమైన, న్యాయమైన ప్రతిస్పందన. కానీ చిహ్నం అయినదాన్ని ఎవరూ దగ్గరగా చూడరు. అదే ఉత్సాహంలో ‘సంక్రాంతి ఆంధ్ర పండుగ, మనది బతుకమ్మ’ అనే వాదమూ వినిపిస్తుంది. ఆ మాట అన్న నోరే జనవరిలో సకినం కొరుకుతుంది. హరిదాసు, కోడిపందెం ఉంటేనే సంక్రాంతి అనే కోస్తా నమూనాను తిరస్కరించబోయి, ఆ నమూనానే నిజమని ఒప్పుకోవడం ఇది. సంక్రాంతి నోములు, వాయనాలు, సకినాల పంపకం ఉన్న పండుగను పండుగగా గుర్తించడానికి పొరుగు ప్రాంతపు కొలబద్ద అక్కర్లేదు.

చిహ్నం మరుగుపరిచేది మరొకటి ఉంది. జగిత్యాల, సిరిసిల్ల ఒకే కరీంనగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న వేరుపడిన జిల్లాలే అయినా, వాటి వంటింటి చరిత్ర ఒకటి కాదు. జగిత్యాల వైపు శ్రీరాంసాగర్ కాలువ నీళ్ళు వరిని విస్తరింపజేశాయి; పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి ‘జగిత్యాల సన్నాలు’ వంటి వరి రకాలే వచ్చాయి. సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. అక్కడ బియ్యం కొనుక్కునే సరుకు, పండుగ ఖర్చు మగ్గం నడిచిన రోజుల సంఖ్యపై ఆధారపడే లెక్క. మూడు పట్టణాల్లోనూ బీడీలు చుట్టి సంపాదించే స్త్రీలున్నారు. వారికి సకినాలు పోసే రోజు బీడీ కూలి పోయే రోజు కూడా. ఇంటి వంటను ‘ప్రేమతో చేసేది’ అని వర్ణించే ముందుమాటల్లో ఈ పోయిన కూలి ఎక్కడా కనబడదు. ఆర్డరుమీద సకినాలు పోసి అమ్మే స్త్రీలు వచ్చాక ఆ శ్రమకు ఒక ధర ఏర్పడింది. దానిని సంప్రదాయ పతనంగా వాపోయే వ్యాసకర్తలు, అంతకుముందు ఆ శ్రమ ధర సున్నా అని మరచిపోతారు.

సిరిసిల్లలో ఒక విచిత్రముంది. సకినం పోయడానికి తడి పీల్చే నూలుగుడ్డ కావాలి. పాత ధోవతో, నూలు చీరో. చాలాకాలంగా ఆ పట్టణపు మరమగ్గాలమీద ఎక్కువగా నడిచింది పాలిస్టర్. అది తడి పీల్చదు. వస్త్రం నేసే ఊరిలో, తాను నేసిన గుడ్డ తన పండుగకు పనికిరాని స్థితి ఏర్పడింది. చేనేత నుంచి మరమగ్గానికి, నూలు నుంచి పాలిస్టరుకు జరిగిన మార్పుపై ఆర్థిక శాస్త్ర గ్రంథాలు చెప్పేదానికి ఈ ఒక్క గుడ్డ జోడించగలిగింది తక్కువేమీ కాదు.

వలస విషయంలోనూ వంట పుస్తకాల ఊహ వేరు. ‘ప్రవాసాంధ్రుల కోసం’ అని అట్టమీద రాసినప్పుడు వారి మనసులో ఉండేది అమెరికా వంటిల్లు. జగిత్యాల, కోరుట్లల ప్రవాసి దుబాయి, మస్కట్, సౌదీ శ్రామిక శిబిరాల్లో ఉంటాడు. సిరిసిల్ల ప్రవాసి భివండీ, సూరత్ మగ్గాల దగ్గర ఉంటాడు. అతనికి కావలసింది వంట విధానం కాదు, వండిన సకినం. వారాల తరబడి చెడని ఈ అప్పం ఊరికి వచ్చిపోయేవారి సంచిలో అతని దాకా చేరుతుంది. వలస సాహిత్యంపై సిద్ధాంత గ్రంథాలు రాసేవారు ఉత్తరాలను, పాటలను సేకరిస్తారు. ఆ సంచిలో ఏముందో అడగరు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వాడకట్టు స్త్రీలు కలిసి కూర్చున్న దృశ్యాన్ని సమానత్వపు బొమ్మగా గీసేయడం మరొక తప్పవుతుంది. ఎవరి ఇంట ఎవరు కూర్చున్నారు, ఎవరు పిండి దంచి వాకిట్లోనే ఆగిపోయారు, ఎవరు ముట్టుకున్న పిండిని ఎవరు తినలేదు అన్న ప్రశ్నలు కులం గురించినవి. వాటికి జవాబు లేకుండా సకినం చరిత్ర లేదు. అలాగే పెండ్లయిన బిడ్డతో వియ్యంకుల ఇంటికి పంపే సకినాలు, సలివిడి. గంపలు ఎన్ని, సకినాలు ఎంత పెద్దవి, వియ్యపురాలు తన వాళ్ళకు పంచిన తర్వాత ఏమన్నది అన్నవి ఆప్యాయతతోపాటు కట్నకానుకల లెక్కలో కూడా భాగం. దీన్ని చెప్పకుండా సారె సకినాల ‘అందం’ గురించి రాసే వ్యాసం, చెప్పవలసినదాంట్లో సగం దాచినట్టే.

అందువల్ల తెలుగు శాఖలు చేపట్టవలసింది మరో వంట పుస్తకం కాదు. పిండి తడిని ఏ మాటతో చెబుతారు, విరిగిన చుట్టును ఏమంటారు, పోయడం వచ్చిన చేతిని ఎలా మెచ్చుకుంటారు, రానిదాన్ని ఎలా ఎగతాళి చేస్తారు, ఏ వయసులో ఆడపిల్ల చేతికి పిండి ఇస్తారు, మగపిల్లవాడికి ఎందుకు ఇవ్వరు అన్నవి మాట్లాడేవారి సమక్షంలో, పని జరుగుతుండగా, ఊరూ కులమూ పనీ పేర్కొంటూ నమోదు కావాలి. పిహెచ్.డి. క్షేత్రపర్యటనల్లో స్త్రీల పాటల కోసం గంటల తరబడి రికార్డు చేసే పరికరాన్ని పాట ఆగగానే ఆపేయడం అలవాటు. పాటకూ పాటకూ మధ్య పిండి గురించి సాగే మాటలు కూడా అందులోకి రావాలి. దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. అడ్డు ఒక్కటే: కొత్త బియ్యం వచ్చి సకినాలు పోసే ఆ నాలుగైదు రోజుల్లో విశ్వవిద్యాలయాలకు సెలవులు, తెరిచేసరికి గుడ్డలు ఉతికి దండెంమీద ఆరేసి ఉంటాయి.