చిన్నాయనా ‘అంకులే’, మేనమామా ‘అంకులే’నా?

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో ఇంగ్లీషు చదువుపై మోజు పెరిగింది. ఇందులో తప్పు లేదు. పై చదువుకైనా, ఉద్యోగానికైనా, పొట్ట చేతపట్టుకొని ఊరు విడిచేవారికైనా ఆ భాష అవసరమే. 2022-23 విద్యా సంవత్సరంలో ప్రభుత్వ పాఠశాలల్లోనూ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. అయితే ఆ భాషను ఎలా నేర్పుతున్నారన్నదే ఆలోచించవలసిన విషయం.

కుటుంబం పాఠాన్నే తీసుకుంటే చాలు. పెద్దనాయన, చిన్నాయన, మేనమామ, మేనత్త భర్త.. నలుగురికీ ఇంగ్లీషులో ఒకటే మాట ‘అంకుల్’. చిన్నాయన కొడుకు, మేనమామ కొడుకు ఇద్దరూ ‘కజిన్’లే. పల్లెలో పెరిగిన ఆడపిల్లకు ఒకరు అన్న, మరొకరు బావ. ఒకరికి రాఖీ కడుతుంది. మరొకరితో పెళ్లి మాట రావచ్చు. ఇద్దరికీ ఒకే మాట రాయమంటే ఆ పిల్ల తికమకపడటంలో వింతేముంది? అడిగితే నలుగురూ నవ్వుతారని నోరు మూసుకుంటుంది. తనకు ఇంగ్లీషు రాదని అక్కడే తీర్మానించుకుంటుంది. ఆ భాష వరుసలను వేరే విధంగా లెక్కిస్తుందని ముందే చెప్పి ఉంటే ఈ చిక్కు ఉండేది కాదు.

ఈ తేడాను పండితులు ఏనాడో గుర్తించారు. అమెరికాకు చెందిన లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో వెలువరించిన గ్రంథంలో తమిళ, తెలుగు, కన్నడ బంధుత్వ పదాలను పట్టికలుగా ఇచ్చాడు. ఆయన కూర్చి రాసుకున్న ఆ వరుసలు ఇక్కడి పిల్లలకు బడికి పోకముందే వచ్చు.

రెండో చిక్కు జంట మాటలది. ‘లుక్ ఆఫ్టర్’ అంటే తర్వాత చూడటం కాదు, బాగోగులు చూసుకోవడం. ‘టేక్ ఆఫ్టర్’ అంటే పోలిక రావడం. ‘బ్రింగ్ అప్’ అంటే పెంచి పెద్దచేయడం. ‘ఫాల్ ఔట్’ అంటే మాట పట్టింపుతో దూరం కావడం. ‘మేకప్’ అంటే ముఖానికి రంగే కాదు, అలిగినవారు మళ్లీ కలిసిపోవడం కూడా. వీటిని ముక్కలు చేసి అర్థం చెబితే అనర్థమే. తెలుగులో ‘చేయి చేసుకున్నాడు’ అంటే కొట్టాడని. విడదీసి చదివే పరదేశికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఈ ఒక్క ఉదాహరణ చెబితే పిల్లల భయం సగం పోతుంది.

నల్లబల్లపై ఒక ఇంటి వంశవృక్షం గీయాలి. వరుసలను మొదట తెలుగులో చెప్పించాలి. తర్వాత మేనమామను ‘మదర్స్ బ్రదర్’ అని, చిన్నాయనను ‘ఫాదర్స్ యంగర్ బ్రదర్’ అని రాయించాలి. దరఖాస్తులోనైనా, సెలవు చీటీలోనైనా ఆ వివరమే అక్కరకొస్తుంది. పెద్దనాయన పోయాడని సెలవు అడిగేవాడు ఉత్త ‘అంకుల్’ అని రాస్తే, తండ్రి తర్వాత తండ్రి అంతటివాడు పోయాడని చదివేవారికి ఎలా తెలుస్తుంది?

పరాయి భాషలో చదువు ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే మొదలైంది. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూగా ఒక తరం చదువుకుంది. దస్తావేజు, హాజరు వంటి మాటలు ఊళ్లో నిలిచిపోయాయి. అయినా తెలుగు ఇళ్లలో మేనమామ మేనమామగానే మిగిలాడు.

ఇప్పుడు తల్లిదండ్రులే ముచ్చటపడి పిల్లలచేత ఇంటివారిని ‘అంకుల్’, ‘ఆంటీ’ అనిపిస్తున్నారు. దానివల్ల ఇంగ్లీషు రాదు. ఉన్న వరుస పోతుంది. ఇంగ్లీషు నేర్వవలసిందే. అందుకోసం మేనమామను వదులుకోనక్కరలేదు.