బైపాస్‌ను ఊరు మింగకముందే

విజయవాడకు సిరి తెచ్చినవీ రహదారులే, ఊపిరి ఆడకుండా చేసినవీ రహదారులే. చెన్నై - కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాద్ నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు రహదారి ఇక్కడే కలుస్తాయి. ఊళ్లో ఒక్క బస్తా దించే పని లేని లారీలు కూడా ఇన్నాళ్లూ ఊరి నడుమ నుంచే నడిచాయి. ఈ తిప్పలు తప్పించడానికి తలపెట్టినదే పశ్చిమ బైపాస్. చిన అవుటపల్లి నుంచి గొల్లపూడి, అక్కడ కృష్ణ దాటి చినకాకాని వరకు సుమారు 48 కిలోమీటర్ల ఆరు వరుసల దారి ఇది. రోడ్డు వేసి రిబ్బన్ కత్తిరిస్తే ప్రభుత్వాల బాధ్యత తీరిపోదు. దాన్ని పదికాలాలపాటు బైపాస్‌గానే నిలపాలి.

ఈ హెచ్చరికకు కారణం ఎదురుగానే ఉంది. కనకదుర్గ వారధి, బెంజి సర్కిల్, రామవరప్పాడు మీదుగా సాగే దారి ఒకప్పుడు ఊరి వెలుపలిదే. దాని పక్కన ముందు షోరూములు, తర్వాత కల్యాణ మండపాలు, ఆపై అపార్ట్‌మెంట్లు లేచాయి. ప్రతి గేటుకూ ఒక దారి, ప్రతి సందుకూ ఒక మలుపు పుట్టుకొచ్చాయి. చివరికి బెంజి సర్కిల్‌లో జంట ఫ్లైఓవర్లు కట్టినా రద్దీ తీరలేదు. ఒకసారి చేసిన ఖర్చును ప్రజలు మళ్లీ మళ్లీ భరించాల్సి వస్తోంది.

పశ్చిమ బైపాస్ కూడా సులువుగా రాలేదు. విజయవాడ - గుండుగొలను రహదారి విస్తరణలో భాగంగా తొలుత ఒకే కాంట్రాక్టుగా అప్పగించిన పని నడిమధ్యలో ఆగింది. తర్వాత దాన్ని నాలుగు ప్యాకేజీలుగా విడగొట్టి మళ్లీ టెండర్లు పిలవాల్సి వచ్చింది. ఆ జాప్యానికి మూల్యం చెల్లించింది వ్యాపారులు, రైతులే. ఏప్రిల్, మే నెలల్లో నున్న మామిడి మార్కెట్‌ను చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. గడ్డి పరిచి బంగినపల్లి, కలెక్టర్ కాయలు ఎత్తిన లారీ నో ఎంట్రీ వేళల్లో ఊరి చివర నిలబడితే ఎండకు కాయ మెత్తబడుతుంది, సరుకు దిగే చోట ధర తెగ్గోస్తారు. ఇప్పుడు బైపాస్ నున్న పక్క నుంచే సాగుతోంది. గుంటూరు యార్డులో ఎత్తిన మిర్చి టిక్కీలు కోల్‌కతా వైపు వెళ్లాలన్నా బైపాస్ ఎక్కితే బెంజి సర్కిల్ తొక్కనక్కర్లేదు.

లారీలు ఊళ్లోకి రాకపోతే స్థానిక వ్యాపారం పడిపోతుందన్న వాదన ఉంది. ఆగకుండా పోయే లారీ ఊరికి మిగిల్చేది పొగే తప్ప బేరం కాదు. ఆటోనగర్ మెకానిక్కుల, బాడీ బిల్డింగ్ షెడ్ల ఆందోళన మాత్రం సహేతుకం. వారికి బైపాస్ నుంచి నేరుగా చేరుకునే దారి చూపాలి. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ వైపు లారీలు నిలిపే స్థలం, డ్రైవర్లకు విశ్రాంతి గదులు, శీతల గిడ్డంగులు వస్తే బైపాస్ వల్ల వ్యాపారం పెరుగుతుంది.

అందుకు చేయాల్సినవి స్పష్టం. జాతీయ రహదారిపైకి ఎవరు పడితే వారు దారి తెరవడానికి వీల్లేదని 2002 నాటి చట్టమే చెబుతోంది. దాన్ని నిక్కచ్చిగా అమలు చేయాలి. సర్వీసు రోడ్డు లేని చోట లేఅవుట్లకు అనుమతి ఇవ్వకూడదు. అడ్డదారిలో డివైడర్ పగలగొడితే కేసు పెట్టాలి. భూములిచ్చిన రైతు అవతలి పొలానికి ట్రాక్టర్‌తో వెళ్లడానికి అండర్‌పాస్ ఉండాలి. లేకుంటే ఆ డివైడర్ పగలడానికి పాలకులే కారకులవుతారు.

నీటి దారినీ మరవకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచిన తీరు అందరూ చూశారు. ఆ వాగును దాటే బైపాస్ కట్ట వరదకు అడ్డుకట్ట కాకుండా వంతెనలు, తూములు సరిపడా ఉన్నాయో లేదో తనిఖీ చేయించి, నివేదికను ప్రజల ముందు పెట్టాలి.

పశ్చిమ బైపాస్ తీర్చలేని సమస్య ఒకటి మిగిలింది. హైదరాబాద్ నుంచి మచిలీపట్నం వైపు వెళ్లే సరుకుకు అది సగం దారే. తూర్పు వైపు బైపాసా, అమరావతి అవుటర్ రింగ్ రోడ్డా అన్న మీమాంసను సాగదీయకుండా కేంద్రం, రాష్ట్రం తేల్చాలి. ఈలోగా రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ), జాతీయ రహదారుల సంస్థ కలిసి పశ్చిమ బైపాస్ పక్కన ఎక్కడ ఏం కట్టవచ్చో, ఎక్కడ ఏమీ కట్టకూడదో పటం గీసి నోటిఫై చేయాలి. స్థలాలు ప్లాట్లుగా అమ్ముడయ్యాక ఆ పటానికి విలువ ఉండదు.