ద్రవ నత్రజని పశువుల ఆసుపత్రికేనా, కాలేజీకి వద్దా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం అధ్యాపకులకు, విద్యార్థులకు, కాలేజీ యాజమాన్యాలకు విజ్ఞప్తి

క్వాంటం అనే మాట ఫ్లెక్సీల దాకా వచ్చేసింది. 2023లో కేంద్రం 6,003 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. అమరావతిలో క్వాంటం వ్యాలీ అంటున్నారు. మంచిదే. మన బీఎస్సీ, బీటెక్ పిల్లలకు మాత్రం సెమినార్లు, సర్టిఫికెట్లతో సరిపెట్టకుండా చేత్తో చేసే పని ఇవ్వాలి. అయస్కాంత పదార్థాల్లో వేడి ఎలా పారుతుందో కొలవడం అలాంటి పని.

కరెంటు పారని స్ఫటికంలో వేడిని సాధారణంగా పరమాణువుల కంపనాలే మోస్తాయి. కొన్నింటిలో ఎలక్ట్రాన్ల క్వాంటం గుణమైన స్పిన్‌ల అలజడి కూడా మోస్తుంది. రాగి పరమాణువులు నిచ్చెనలా అమరిన ఒక ఆక్సైడ్‌లో 2000-01 ప్రాంతంలో ఐరోపా, జపాన్ శాస్త్రజ్ఞులు దీన్ని స్పష్టంగా చూశారు. నిచ్చెన వెంబడి పారే వేడి, అడ్డంగా పారేదానికి ఎన్నో రెట్లు. అది గరిష్ఠానికి చేరేది సుమారు 140 కెల్విన్ల దగ్గర. ద్రవ నత్రజని 77 కెల్విన్ల దాకా చల్లబరుస్తుంది కాబట్టి ఖరీదైన హీలియంతో పనిలేదు.

ఆ నత్రజని మనకు కొత్తా? పుంగనూరు ఆవు పుట్టిన సీమ ఇది. ఎదకొచ్చిన ఆవును సూదికి తోలుకెళ్తే, డాక్టరు వీర్యం తీసే క్యాన్‌లో పొగలు కక్కేది అదే.

చిన్న హీటరు, రెండు థర్మోకపుల్స్, గాలి లాగేసిన పాత్ర ఉంటే కొలత మొదలవుతుంది. తీగల్లోంచి జారిపోయే వేడిని, అతుకుల దగ్గర ఆగిపోయేదాన్ని లెక్కకట్టడంలోనే ఉంది అసలు చదువు. ఇందులో హేమాహేమీలే తికమకపడ్డారు. ఒక సేంద్రియ అయస్కాంత స్ఫటికం అతిశీతలంలోనూ లోహంలా వేడిని మోస్తోందని 2010లో జపాన్ బృందం ప్రకటించింది. 2019లో కెనడా, చైనా బృందాలు కొలిస్తే ఆ జాడే లేదు. స్ఫటికాన్ని ఎంత వేగంగా చల్లార్చారన్నదాన్ని బట్టి ఫలితం మారుతోందని జపాన్ వాళ్ళ వాదన.

1915లో అనీ బిసెంట్ కాలేజీ పెట్టిన మదనపల్లెలో ఒక ఉమ్మడి ల్యాబు పెట్టండి. పుంగనూరు, కుప్పం పిల్లలకు అందులో వంతులు ఇవ్వండి. గదికి గాలి బాగా ఆడాలి. మూసిన గదిలో నత్రజని ఊపిరి ఆపేస్తుంది. ముందు స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ కొలవాలి. దాని విలువ పుస్తకాల్లో ఉంది, తప్పు చేస్తే వెంటనే దొరికిపోతాం. స్ఫటికం సంగతి తర్వాత, పెంచే సంస్థలను అడగవచ్చు. తెలుగులో కొలత చేతిపుస్తకం కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం రాయించాలి. నత్రజని ఇచ్చేదానికంటే శీతలం కావాలంటే బెంగళూరు ల్యాబులు ఎంత దూరం?

వచ్చే ఏడాది బడ్జెట్లు ఖరారయ్యేలోగా ప్రిన్సిపాళ్ళు ఒకచోట కూర్చోవాలి. గది ఎవరిది, నత్రజని ఖర్చు ఎవరిది, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి అన్న మూడూ ఆ రోజే తేల్చాలి.