మాట మానడమే మౌనమా?

మౌనమనగానే మనకు వటవృక్షచ్ఛాయలో ఆసీనుడైన దక్షిణామూర్తి స్ఫురిస్తాడు. బౌద్ధంలోనూ మౌనానికి ఉన్నతస్థానమే ఉంది. అష్టాంగమార్గంలో మూడవదైన సమ్యక్ వాక్కుకు అసత్యం, చాడీ, పరుషవాక్యం, వ్యర్థప్రలాపం అనే నాలుగింటినీ విడిచిపెట్టడమే లక్షణం. భిక్షువులు ఒకచోట కూడితే ధర్మప్రసంగమైనా చేయాలి, ఆర్యమౌనమైనా వహించాలి అన్నాడు బుద్ధుడు.

అదే బుద్ధుడు మౌనవ్రతాన్ని నిషేధించాడంటే ఆశ్చర్యం కలగకమానదు. ఆ వృత్తాంతం వినయపిటకంలోని మహావగ్గంలో ఉంది. కోసలదేశంలో కొందరు భిక్షువులు వర్షావాసాన్ని కలసి గడపదలచారు. కలహం రాకుండా ఉండాలంటే ఒకరితో ఒకరు మాట్లాడకపోవడమే ఉపాయమని నిశ్చయించుకున్నారు. భిక్షాటన నుండి ముందు వచ్చినవారు ఆసనాలు వేసేవారు. చివర వచ్చినవారు ఊడ్చి శుభ్రం చేసేవారు. నీటికుండ ఒక్కరికి బరువైతే చేసైగతో మరొకరిని పిలిచేవారే తప్ప పెదవి కదిపేవారు కారు. వర్షావాసం ముగిశాక శ్రావస్తికి వచ్చి, ఏ కలహమూ లేక సుఖంగా గడిపామని విన్నవించారు. బుద్ధుడు మెచ్చుకోలేదు. పశువుల్లా కలసి బతికి దాన్నే సుఖమనుకుంటున్నారని మందలించాడు. ఆ సందర్భంలోనే ‘పవారణ’ను విధించాడు. వర్షావాసాంతంలో ప్రతి భిక్షువూ, తనలో చూసిన, విన్న, శంకించిన దోషమేదైనా ఉంటే దయతో చెప్పమని సంఘాన్ని అర్థించాలి. అందరికంటే పెద్దవాడే ముందుగా అడగాలి!

మన ఇళ్లలో తోడికోడళ్లు నెలల తరబడి పలకరించుకోకపోతే ‘గొడవలు లేవు, అదే పదివేలు’ అనుకుంటాం. కోడలిని నలుగురిలో తూలనాడుతుంటే భర్త తలవంచుకుని కూర్చుంటాడు; దానిని ఓర్పు అంటాం. మౌనం అర్ధాంగీకారమన్న సంగతి అప్పుడు గుర్తుకు రాదు. బుద్ధుడు కూడా భోజనానికి పిలిచినవారికి అంగీకారం మౌనంతోనే తెలిపేవాడు. ద్రౌపది ప్రశ్నకు కురుసభలోని వృద్ధుల మౌనం ఏ ఫలమిచ్చిందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

మరి బుద్ధుడు ఎప్పుడు మౌనం దాల్చాడు? వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు వచ్చి ఆత్మ ఉన్నదా అని అడిగాడు. లేదా అనీ అడిగాడు. రెండింటికీ సమాధానం రాలేదు. అతడు వెళ్లాక ఆనందునికి కారణం చెప్పాడు: లేదనే సమాధానం ఇప్పటికే తికమకపడుతున్నవాణ్ణి మరింత కలవరపెడుతుంది. (ఆత్మ విషయంలో వైదికులమైన మనకు బౌద్ధులతో ఏకీభావం లేదు, ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం.) ఆ మౌనం వినేవాడి మేలు కోరినది. కోసల భిక్షువులది తమ సుఖం కోసం.

గీత పదిహేడవ అధ్యాయం మౌనాన్ని వాచిక తపస్సులో కాక మానసిక తపస్సులో చేర్చడం గమనార్హం. యజ్ఞశాలలోనూ ఈ భేదం కనబడుతుంది. బ్రహ్మస్థానంలోని ఋత్విజుడు దక్షిణదిశలో మౌనంగా కూర్చుంటాడు. ఆహుతులు ఇచ్చేది ఇతరులు, మంత్రం పలికేది ఇతరులు. కానీ ప్రతి స్వరాన్నీ ఆయన వింటూనే ఉంటాడు. ఎక్కడైనా లోపం దొర్లితే సరిదిద్దవలసినవాడూ ఆయనే. వేదత్రయం తెలిసినవాణ్ణే ఆ స్థానంలో కూర్చోబెట్టేది అందుకే.