ప్లేఆఫ్స్ వచ్చాయంటే నా కుర్చీ పోతుంది

మార్చి నెలాఖరు నుంచి ఐపీఎల్ లీగ్ మ్యాచ్‌లు మా ఇంట్లో వరసగా చూసేది నేనొక్కదాన్నే. రాత్రి ఏడున్నరకి మొదలు. అన్నాలు పెట్టేసి, పాలు తోడేసి, హాల్లో ఆ పాత కేను కుర్చీలో కూలబడితే ఆఖరి బంతి దాకా నన్ను కదిపేవాళ్లు ఉండరు. మా వారు ఫోనులో స్కోరు చూసి పడుకుంటారు. పిల్లలకి హైలైట్స్ చాలు.

అదే ప్లేఆఫ్స్ అనగానే ఎక్కడ లేని అభిమానమూ పుట్టుకొస్తుందండీ. మరుదులు, వాళ్ల స్నేహితులు, పై వాటాలో వాళ్లు అందరూ మా హాల్లోనే. రిమోటు చేతులు మారుతుంది. "వదినా, నాలుగు మిరపకాయ బజ్జీలు వెయ్యకూడదూ?" నాలుగంటే నలభై అని అర్థం. పద్నాలుగు మ్యాచ్‌లు చూసినదాన్ని, పదిహేనోదాన్ని వంటింట్లోంచి కేకలు విని అర్థం చేసుకోవాలి. కేక పెద్దదైతే సిక్సు, "ఛ" అంటే వికెట్టు.

"నువ్వూ వచ్చి కూర్చో, వద్దన్నదెవరు?" అంటారు. నిజమే, ఎవరూ వద్దనరు. కూర్చున్న రెండో ఓవర్లో మంచినీళ్లు ఎవరు తేవాలో మాత్రం చెప్పరు.

2019 ఎలిమినేటర్ మన విశాఖలోనే జరిగింది. తునిలో రైలెక్కితే రెండు గంటలు. మా ఇంటి మగవాళ్లు నలుగురు టిక్కెట్లు సంపాదించుకుని వెళ్లారు, వస్తావా అని నన్నొక్కరూ అడగలేదు. పులిహోర మాత్రం కట్టించుకున్నారు. ఒక్క బంతి మిగిలుండగా ఢిల్లీ రెండు వికెట్ల తేడాతో గెలిచింది. మర్నాడు వచ్చి సన్‌రైజర్స్‌ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. ఆ జట్టు పద్నాలుగింట్లో ఆరే గెలిచి, పన్నెండు పాయింట్లతో రన్‌రేటు పుణ్యాన అక్కడిదాకా వచ్చిందనీ, 692 పరుగులు కొట్టిన వార్నర్, అతని జోడీ బెయిర్‌స్టో ప్రపంచకప్ సన్నాహాలకి అప్పటికే వెళ్లిపోయారనీ వాళ్లకి తెలీదు. ఏప్రిల్ అంతా చూస్తే కదా తెలిసేది!

అసలీ పద్ధతే నాకు సగం నచ్చుతుంది, సగం నచ్చదు. 2018లో మనవాళ్లు పట్టికలో మొదటి స్థానంలో ఉండి కూడా ఫైనల్లో చెన్నై చేతిలో ఓడారు. వాట్సన్ ఒక్కడే 117 కొట్టి రెండు నెలల కష్టాన్ని ఊడ్చేశాడు. ఇదేం న్యాయం అందామంటే, 2009లో డెక్కన్ ఛార్జర్స్ సగం మ్యాచ్‌లు ఓడి, నాలుగో స్థానంతో సెమీస్‌కి వెళ్లి, పట్టికలో పైనున్న ఢిల్లీని కొట్టి కప్పు తెచ్చుకున్నారాయె. అప్పుడు ఎగిరి గంతేసి ఇప్పుడు అన్యాయం అంటే ఎలా? ఆ సంగతి వచ్చినప్పుడు నా నోరు పెగలదు.

కానీ ఒక్క రాత్రితో మొత్తం లెక్క తేల్చేసే జనం మీద నా కోపం తగ్గదు. 2024లో బెంగళూరులో 287 కొట్టిన జట్టు ఫైనల్లో 113కే ఆలౌటయ్యేసరికి మా హాల్లో అందరూ "వేస్టు టీము" అనేసి లేచిపోయారు. మే నెలంతా ఆవకాయకి ముక్కలు కొట్టించి, కారం, ఆవపిండి కలిపి, ఊరబెట్టిన ఇల్లాలిని, ఒక్క పూట పప్పులో ఉప్పెక్కువైతే ఏమంటారో మీకు నేను చెప్పాలా?

మొన్న 2025 మహిళల ప్రపంచకప్పే చూడండి. మనవాళ్లు వరసగా మూడు ఓడారు, అందులో రెండు విశాఖలోనే. అప్పుడు మా హాలు ఖాళీ. "ఆడవాళ్ల మ్యాచే కదా" అన్నారు. కడప పిల్ల శ్రీచరణి ఆస్ట్రేలియా మీద మూడు వికెట్లు తీసినప్పుడు చప్పట్లు కొట్టింది నేనూ, మా అమ్మాయీ. నవంబర్ 2న ఫైనల్. క్షీరాబ్ది ద్వాదశి, తులసికోట దగ్గర దీపాలు పెట్టి వచ్చేసరికి నా కుర్చీలో మా మరిది!

ఆ రాత్రి గెలిచిన సంబరంలో నా కళ్లు ప్రతికా రావల్ మీదే ఉన్నాయి. 308 పరుగులు చేసింది, న్యూజీలాండ్ మీద సెంచరీ కొట్టింది. సెమీస్‌కి ముందు కాలికి దెబ్బ తగిలి జట్టులోంచి తప్పుకుంది. చక్రాల కుర్చీలో వచ్చింది పాపం. ఆఖరి పదిహేనుమందిలో లేదని ఆ రాత్రి ఆమెకి పతకం లేదు. తర్వాత ఇప్పిస్తామన్నారట, సంతోషం. ఆమె చోట వచ్చిన షెఫాలీ 87 కొట్టి రెండు వికెట్లు తీసింది, ఆ పిల్లని నేనేమీ అనను. అయినా పతకాలు వేసేవాళ్లకి ఆ 308 గుర్తుకు రాకపోవడం ఏమిటండీ?

అంచేత ఈసారి మే నెలకి మా ఇంట్లో ముందే చెప్పేశాను. ప్లేఆఫ్స్ నాలుగు మ్యాచ్‌ల రోజుల్లో సాయంత్రం ఏడింటికల్లా పొయ్యి కట్టేస్తాను. టీ ఫ్లాస్కులో ఉంటుంది, నీళ్ల బిందె ఎక్కడుందో అందరికీ తెలుసు. బజ్జీలు కావాలంటే గొల్లప్రోలు మిర్చి కాదు, ఏ మిర్చయినా బజార్లో బండి మీద దొరుకుతుంది. కేను కుర్చీ మాత్రం నాది. మా మరిది నవ్వాడు. మా అత్తగారు నవ్వలేదు, "నాకూ ఒక కుర్చీ వెయ్యి" అన్నారు.